చేతికందే ఇల్లు

తలుపు పట్టాల మీద జారి మూసుకుంది, ర్యాంపు మీద నాజ్‌నీన్ చెప్పుల చప్పుడు దిగిపోయింది, ఆ తర్వాత గాలి మోత ఒక్కటే మిగిలింది. పోయింది, నిజంగానే పోయింది మహాతల్లి. "సాయంత్రం అసర్ అజాన్ ఇనిపించేదాకా నేనీ దిక్కుకే రాను. గొంతు చించుకోని పిలిచినా పలకను. నువ్వే లెయ్యాల, నువ్వే మొగం కడుక్కోవాల, నువ్వే టీ పెట్టుకోని తాగాల. యాడ ఇబ్బందవుతాదో చూసి పెట్టుకో, వచ్చినాక చెప్పు," అని ముఖాన కొట్టినట్టు చెప్పేసి, తల మీదికి కొంగు లాక్కుంటూ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళింది. చూడలేదని అతావుల్లాకు ఎలా తెలుసంటే, మంచం పక్కనున్న కిటికీ పడుకున్న మనిషి కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉంది. అదీ అతని తెలివే. మంచాన పడ్డవాడికి ఆకాశం చూపించి ఏం లాభం, వచ్చేపోయే మనుషులు కనబడాలి అని వాదించి మరీ కిందికి దింపించుకున్నాడు. దింపించుకున్నందుకు ఇప్పుడు పెళ్ళాం వీపు అన్నగారి పాత మిద్దె మూల తిరిగేదాకా చూశాడు. ఈ కాసేపూ నిక్షేపంగా గడిచిపోతే ఆమె కువైట్ పోతుంది, గడవకపోతే ఆగిపోతుంది. ఇందులో దాపరికమేమీ లేదు, మొన్న ఇద్దరూ ఉగ్గాని తింటూ తీరిగ్గా అనుకున్న మాటే. "నువ్వొక్కడివే ఉండగలవనిపిస్తేనే పోతా, లేకుంటే ల్యా," అంది ఆమె. "ఉండగలనులే," అన్నాడు ఇతగాడు, నోట్లో ముద్ద నమలడం కూడా ఆపకుండా. ఎందుకన్నాడో! ఆ పూట ఆ నాలుకను ఏ పురుగు కుట్టిందో అతనికే తెలియదు.

సరే, లేవాలి. లేవడమంటే నడుం పైనున్న సగం మనిషి నడుం కిందున్న సగం మనిషిని ఈడ్చుకుపోవడం, అంతే కదా. గోడకు బిగించిన కమ్మీ పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కున్నాడు. కింద పరుపు కదల్లేదు. ఎందుకు కదులుతుంది, కుట్టిందెవరు? పామిడిలో దూదేకే అల్లాబకాష్ కూతురు. మామ విల్లు పట్టుకుని దూది ఏకుతుంటే ఆ నారి మోత వీధి చివరిదాకా వినబడేదట, దూది పొగమంచులా లేచి ఆయన కనుబొమల మీద వాలేదట, పెళ్ళిచూపులకు పోయినప్పుడు అతావుల్లా మొదట చూసింది ఆ తెల్లటి కనుబొమల్నే. పిల్ల ముఖం తర్వాత చూశాడు. చూసి ఏం అనుకున్నాడు? నవ్వుతుందా నవ్వదా అని అనుకున్నాడు. నవ్వలేదు, పరుపు మీద చెయ్యి వేసి దూది గట్టిపడిందేమో నొక్కి చూసుకుంటూ కూర్చుంది. అదే చెయ్యి ఈ మంచానికి పరుపును నాలుగు ముక్కలుగా కుట్టింది. ముక్కకూ ముక్కకూ నాడాలు, తుంటి కిందికి వచ్చేదానిలో బూరుగు దూది, మిగతావాటిలో మామూలుది. "చెమటకు ఒగటి నానితే అది తీసి ఆరేసి ఇంగోటి పెట్టుకో. వారం వారం తావు మార్చు. ఒగే తావున ఒత్తుకుంటే మళ్ళా పుండ్లు పడతాయి, ఇంటాండావా?" అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆ పుండ్ల కాలం గుర్తొస్తే అతనికి ఇప్పటికీ ముక్కులో ఆ వాసనే. తనకు నొప్పి తెలిసేది కాదు, ఆమెకు తెలిసేది. శుభ్రం చేస్తూ ఆమె పళ్ళు బిగించేది, వీడేమో గోడవైపు తిరిగి బల్లిని చూస్తూ పడుకునేవాడు. నున్నగా సానబట్టిన వేపపలకను మంచానికీ కుర్చీకీ మధ్య వంతెనలా వేసి జరిగాడు. కుర్చీ బ్రేకు గట్టిగా ఉంది. మంచం, కుర్చీ ఒకే ఎత్తు. జరగడం ఎంత తేలికైపోయిందంటే అతనికి ఒళ్ళు మండింది.

తేలిక కాక ఏమవుతుంది, కొలిచింది తానే అయినప్పుడు. పడకముందు అతని పనే ఇది. కొండ మీద గాలిమరలు నిలబెట్టే చోట కాపలావాళ్ళకు రేకుల గదులు చేసేవాడు, ముక్కలు ముక్కలుగా చేసి లారీలో వేసుకుపోయి బోల్టులతో బిగించి నిలబెట్టేవాడు. పని ఒక కొండ నుంచి ఇంకో కొండకు మారితే గదిని విప్పి తీసుకుపోయేవాళ్ళు, నేల మీద చదరంగా ఒక బోడి మచ్చ మిగిలేది, అంతే. అందరి గదులూ చేశాడు కానీ ఒక గోడౌను మీద పాత రేకు విరిగి తాను కిందపడి నడుం పోయేదాకా తనకూ అలాంటిది ఒకటి కావలసి వస్తుందని అనుకోలేదు. అన్న కలీముల్లా ఉంటున్న మిద్దె నాయన కట్టించింది, బండల మిద్దె, చల్లగా ఉంటుంది, కానీ దాని గడపలు మోకాలెత్తు, దాని వంటింట్లోకి కుర్చీ తిరగదు, దాని పాయఖానా పెరట్లో రాళ్ళు దాటి అటు చివర. అందుకని పెరటి వెనక ఖాళీ జాగాలో చిన్నదొకటి వేసుకుందామన్నప్పుడు అతావుల్లా కాగితం అడగలేదు. నాజ్‌నీన్‌ను సున్నప్పొడి తెమ్మన్నాడు. నేల మీద ఇంత ఇల్లుకు ఇంత ఇల్లే గీయించాడు. తాను కుర్చీలో నట్టనడుమ కూర్చుని చెయ్యి చాపాలి, వేలి కొస ఎంతదాకా పోతే అంతదాకా ఆమె సున్నం పోయాలి. అదే గోడ. అక్కడే పొయ్యి, అక్కడే కుళాయి. పక్కింటి రామసుబ్బమ్మ దడి మీంచి తొంగి చూసి, "ఏమే నాజ్‌నీనా, మీరు గూడా ముగ్గులెయ్యబడితిరా?" అని నవ్వింది. "ముగ్గు కాదక్కా, ఇల్లు," అంది నాజ్‌నీన్, చేతినిండా సున్నంతో, నవ్వకుండా. గాలికి సున్నం ఎగిరిపోతుంటే మళ్ళీ పోసేది. సాయంత్రానికి ఆమె జుట్టు వాళ్ళ నాయన కనుబొమల్లా తెల్లబడింది.

ఆ రోజుల్లో అతావుల్లా ఎంత సంతోషంగా ఉన్నాడో చెబితే ఎవరూ నమ్మరు. పడిన తర్వాత మొదటిసారి ఆకలి వేసింది, మొదటిసారి తెల్లారక ముందే మెలకువ వచ్చింది. మడకశిర నుంచి వచ్చి గార్లదిన్నె రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న పాత దోస్తు తిప్పేష్ రేకులు కోసి తెచ్చి బిగించేవాడు. బిగిస్తూ బిగిస్తూ, "నీది తలకాయ కాదు గురూ, కార్ఖానా," అనేవాడు. రెండు రేకుల నడుమ చెనిక్కాయ పొట్టు దట్టించి గోడ చేద్దామన్నది కూడా ఇతని ఆలోచనే. నిజంగానే ఎండ లోపలికి రావడం లేదు, ముట్టుకుంటే గోడ చల్లగా ఉంది. రోజూ సాయంత్రమయ్యేసరికి నాజ్‌నీన్ ఒక ప్రశ్న తెచ్చేది. "కరెంటు పోతే ఏం చేస్తావు?" అంటే పైన చిన్న సోలారు పలక పెట్టించాడు. "జరమొచ్చి లెయ్యలేకపోతే నీళ్ళెట్ల?" అంటే మంచం తలాపిన గొట్టంతో సన్న కుళాయి వచ్చింది. "తేలు గీలు ఎక్కితే? నీకు కుట్టినా తెలీదు గదా," అంది ఒకరోజు, ఆ మాట అంటూ భయంతో ముఖం పాలిపోయింది. ఇతనేమో చిటికె వేసి, ఇల్లు నిలబడ్డ ఇనప కాళ్ళకు నున్నటి తగరం గొడుగుల్లాంటివి తొడిగించాడు, పాకే పురుగు జారి పడాల్సిందే. "వయసైపోయి చేతుల్లో బలం తగ్గితే?" అంటే ప్రతి అరకు వెనకా గోడలో వరసగా బెజ్జాలు కొట్టించి చూపించాడు, ఒక్కో బెజ్జం కిందికి దించుకుంటూ పోవచ్చు. "ఇంగో మనిషొస్తే చాలతాదా?" అని అడిగింది కడపటికి, చాలా మెల్లగా. "పడమటి గోడ బోల్టులిప్పి ఇంగో ముక్క తగిలిస్తే సరి. నువ్వు తిరిగొచ్చినాక అదే పని చేద్దాం," అన్నాడు, అడిగిన లెక్కకు జవాబు దొరికిన పిల్లాడిలా ముఖం వెలిగించుకుని. ఆమె లేచి పోయి పాత్రలు తోముకుంది. ఆ రాత్రి ఇతను హాయిగా నిద్రపోయాడు కూడా, సిగ్గులేకుండా.

మొగం కడుక్కోవాలి. చక్రాలు తోసుకుంటూ రెండుసార్లు నెట్టేసరికి కుళాయి ముందుకు వచ్చేశాడు. అడ్డంగా జారే పరదా, కూర్చున్నచోటే ఒంటి మీద పోసుకునేలా పొట్టి గొట్టం, పోసిన నీళ్ళు బయట గోంగూర మడికి పోయే కాలవ. చుక్క కూడా వృథా పోదు. పోతే ఎలా, బోరు ఎండిపోయి ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో నీళ్ళు పోసుకోవడమే విలాసం. చల్లటి నీళ్ళు ముఖానికి తగిలేసరికి పాత మిద్దెలో స్నానాలు గుర్తొచ్చాయి. నాజ్‌నీన్ చంకల కింద చేతులు వేసి ఎత్తేది, ఎత్తేటప్పుడు బిస్మిల్లా అనేది, దించేటప్పుడు ఉస్సురనేది. ఒకరోజు గడప దగ్గర కాలు జారి ఇద్దరూ పడ్డారు, ఆమె కింద, ఈయన పైన. ముందు ఇద్దరికీ నవ్వొచ్చింది. వదిన పరిగెత్తుకొచ్చి చూసి తనూ నవ్వింది. వదిన వెళ్ళాక నాజ్‌నీన్ అలాగే బండల మీద పడుకుని, "నా నడుం గూడా పోతే ఇద్దరినీ ఎవరెత్తుతారు?" అంది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ఆ తర్వాతే కదా కువైట్‌లో వంటకు పోయిన చౌడమ్మ ఫోను చేసింది, అక్కడ ఒక పెద్దింట్లో ముసలామెకు మనిషి కావాలి, ఎత్తడం దించడం తెలిసిన మనిషి, నమ్మకంగల మనిషి అని. ఎత్తడం దించడం! ఆ మాట నాజ్‌నీన్ అతని ముఖం చూడకుండా చెప్పింది. "నాకు అలవాటైన పనే గదా," అంది. ఈడ పని లేదు, వాన లేదు, అన్న విత్తనాలు మూట కట్టుకుని ఆషాఢం గాలి వంక చూస్తూ కూర్చున్నాడు, ఎన్నాళ్ళని వాళ్ళ పొయ్యి మీద పడి తింటాం, అంది. అన్నీ నిజాలే. దేనికీ అడ్డు చెప్పడానికి లేదు. కానీ ఆ ముసలామె చంకల కింద ఆ చేతులు దూరతాయి, ఆమెను ఎత్తేటప్పుడూ బిస్మిల్లా అంటుంది, ఆమె వీపు మీద పుండు పడకుండా పక్క మారుస్తుంది. మగవాడి మీద అసూయపడితే ఒక అందం చందం, ఎక్కడో ఎడారిలో మంచానపడ్డ ముసలిదాని మీద అసూయపడే మొగుడు ఈ గార్లదిన్నె మండలంలో తానొక్కడే ఉంటాడు. ముఖం తుడుచుకున్నాడు. తువ్వాలు కూడా చేతికందేచోటే ఉంది.

టీ. అరలోని డబ్బాలు దింపడానికి తాడు, తాడుకు గిలక, తాడు వదిలితే అర మెల్లగా ఒళ్ళోకి వచ్చి ఆగుతుంది. టీపొడి డబ్బా మీద నాజ్‌నీన్ సుద్దతో గీత పెట్టింది, చక్కెర డబ్బా మీద చుక్క. మూతలు తీయకుండానే తెలియాలని. పాల గిన్నె చిన్న ఫ్రిజ్జులో, ఫ్రిజ్జు మోకాలి పక్కన. పొయ్యి అంచుకు ఎత్తుగా కమ్మీ కట్టు ఉంది, గిన్నె జారి పడడానికి వీల్లేదు. వీల్లేదు, దేనికీ వీల్లేదు ఈ ఇంట్లో. నీళ్ళు మరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఈ గిన్నెను పట్టుకుని కొంచెం ఇటు వంచితే చాలు, తొడ మీద పడుతుంది. నొప్పి కూడా ఉండదు. బొబ్బలు లేస్తాయి, ఆమె వస్తుంది, చూస్తుంది, అయ్యో అల్లా అని తల బాదుకుంటుంది, నీళ్ళు తెస్తుంది, పసుపో మందో ఏదో రాస్తుంది, చౌడమ్మకు ఫోను చేసి నేను రాలేనక్కా అంటుంది. నేను రాలేనక్కా. ఆ మాట ఆమె గొంతుతోనే అతని చెవిలో ఎంత తియ్యగా వినబడిందంటే చెయ్యి నిజంగానే గిన్నె పిడి దాకా పోయింది. వంచాడు కూడా. అంచున నీళ్ళు వణికాయి. అప్పుడు బొబ్బలు చితికి పుండ్లవడం, ఆ పుండ్లకు వాసన రావడం, నాజ్‌నీన్ పళ్ళు బిగించడం కళ్ళ ముందుకొచ్చింది. మళ్ళీ ఆ రాత్రులన్నీ ఆమెకే. ఛీ, అనుకున్నాడు. గిన్నె దించి టీపొడి వేశాడు. గ్లాసులో పోసుకుని తాగాడు. దరిద్రమేమిటంటే టీ బాగా కుదిరింది, ఆమె పెట్టిన దానికంటే బాగా.

ఇంక ఏముంది చెయ్యడానికి? గ్లాసు కడిగి బోర్లించాడు. తలుపు దగ్గరకు పోయాడు. వేలితో నెడితే జరిగే తలుపు, ఇంత బరువైన రేకు తలుపు ఒక్క వేలికి జరగాలని పట్టాల మీదికి, లోపల గోళీలు తిరిగే చక్రాలు ఏరి ఏరి తెప్పించుకున్నాడు. జరిగింది. గాలి ఒక్కసారి మీద పడింది, ఎర్రమట్టి నోట్లోకొచ్చింది. ఆషాఢంలో ఈ గడ్డ మీద గాలికి మబ్బుల్ని తరిమెయ్యడం తప్ప వేరే పని ఉండదు. దూరంగా కొండవార గాలిమరలు తిరుగుతున్నాయి, అక్కడ ఒక గదిలో తాను బిగించిన బోల్టులే ఉండి ఉంటాయి. ర్యాంపు మొదటికి వచ్చి బ్రేకు వెయ్యలేదు. కాల్చుకోవడం వేరు, పడడం వేరు. పడితే ఒక మోస్తరుగా కొట్టుకుంటుంది, మట్టి అంటుతుంది, పైకి లేవలేక అలాగే నేల మీద ఉంటాడు, ఆమె వచ్చేసరికి కళ్ళారా కనబడతాడు. 'నాజూ, నన్నిడిసిపెట్టి పోవద్దు' అని నోటితో అడగడానికి చచ్చినా గొంతు పెగలడం లేదు కాబట్టి ఒంటితో అడుగుదామని. అసలెందుకు పెగలదు? ఒక్క మాట కదా. పడిన రోజు నుంచీ ఆమెను నీళ్ళు అడిగాడు, పక్క మార్చమని అడిగాడు, గోకమని అడిగాడు, సిగ్గు విడిచి అన్నీ అడిగాడు. ఇక అడగడానికి మిగిలిన ఒక్కటే ఇది, ఇది అడిగితే ఇక తన దగ్గర ఏమీ మిగలదనిపించింది. కుర్చీని పక్కకు తిప్పి, ఒక చక్రం అంచు దాటేదాకా తోసి, ఒళ్ళు వదిలేశాడు.

కుర్చీ ఒరిగింది. ఆకాశం పక్కకు జరిగింది. అంతలో చెయ్యి, పాపిష్టి చెయ్యి, ఎవరూ చెప్పకుండానే పోయి ర్యాంపు కమ్మీని పట్టుకుంది. అటు పక్క కమ్మీ అక్కర్లేదన్నాడు తిప్పేష్, ఒకవైపు చాలన్నాడు. "రెండు దిక్కులా ఉండాల్సిందే," అని నాజ్‌నీన్ పట్టుబట్టింది. ఇప్పుడది అతని బరువంతా మోసింది, కొంచెం కూడా ఊగలేదు, వెల్డింగు అంత గట్టిగా ఉంది. మోచెయ్యి రేకు అంచుకు గీసుకుని తోలు లేచింది. భుజం కలుక్కుమంది. ఒక్క క్షణం అలాగే గాలిలో వేలాడి, ఇక వదిలేద్దాం, ఇప్పుడైనా వదిలేద్దాం అనుకుంటూనే రెండో చేత్తో కూడా పట్టుకుని ఒళ్ళు లోపలికి లాక్కున్నాడు. చక్రం మళ్ళీ ర్యాంపు మీదికెక్కింది. పడడం కూడా చేతకాని వెధవ. నడుం కింది సగం మాట వినదని ఇన్నాళ్ళూ ఏడ్చాడు, ఈ రోజు పై సగం కూడా వినలేదు. లోపలికొచ్చి తలుపు మూసుకుని, ఎవరూ లేరు కదా అని నోరు తెరిచి ఏడ్చాడు, ముక్కు కారేదాకా ఏడ్చాడు. ఇంత మంచి ఇల్లు ఎవడు కట్టమన్నాడురా నిన్ను, ఎవడు కట్టమన్నాడు అని తొడ మీద గుద్దుకున్నాడు. తొడకేం తెలుస్తుంది.

తర్వాత ఏడుపు దానంతటదే ఆగింది, ఎంతసేపని వస్తుంది. ఇల్లంతా ఒకసారి చూశాడు. సాయంత్రం ఎండ కిటికీ గుండా పరుపు మీద పడింది. ఈ ఇంట్లో రేపు పొద్దున తాను లేస్తాడు, కడుక్కుంటాడు, టీ తాగుతాడు, వదిన ఒక పూట సంకటి పంపిస్తుంది, మధ్యాహ్నం ఇలాగే కూర్చుంటాడు, సాయంత్రం ఫోనులో నాజ్‌నీన్ ముఖం ఇంత చిన్నదిగా కనబడుతుంది, తిన్నావా అంటుంది, తిన్నానంటాడు, పుండ్లు లేవు కదా అంటుంది, లేవంటాడు. ఆ తర్వాత రోజూ అంతే. ఏదీ జారదు, ఏదీ తప్పిపోదు. పిల్లాజెల్లా ఉంటే కనీసం ఒక వస్తువు చోటు తప్పేది. ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఒక మాట తయారు చేసుకున్నాడు. పెద్దగా ఏం అక్కర్లేదు, 'భుజం నొప్పిగా ఉండాదే, రోజూ ఇట్ల జరగాలంటే నా వల్ల కాదేమో' అంటే చాలు. నొప్పి ఉన్న మాట నిజమే కూడా. రెండుసార్లు పైకే అని చూసుకున్నాడు. మూడోసారి అంటుండగా ఊళ్ళోంచి అజాన్ వినబడింది, గాలికి తెగి తెగి, మొదలు ఒక ముక్క, చివర ఒక ముక్క. అది పూర్తి కాకముందే ర్యాంపు మీద చెప్పుల చప్పుడు.

అంత తొందరగా పాత మిద్దె నుంచి రావడం కుదరదు. ఇంత దగ్గర్లోనే ఎక్కడో నిలబడి ఉండాలి, అనుకున్నాడు కానీ ఆ ఆలోచన ముందుకు సాగకముందే తలుపు జరిగింది. నాజ్‌నీన్ లోపలికి రాలేదు, అక్కడే నిలబడి చూసింది. బోర్లించిన గ్లాసు చూసింది. తడి ఆరుతున్న కుళాయి కింద నేల చూసింది, మంచం మీద సర్దిన పలక చూసింది. తర్వాత అతన్ని చూసింది. కొంగంతా ఎర్రమట్టి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"టీ తాగినావా?"

"తాగినా."

"ఆ మోచెయ్యేమి అట్లుండాది? పడినావా?" ఒక్క అంగలో వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ గొంతులో ఉన్నది భయమో ఇంకేమిటో అతనికి అంతుపట్టలేదు.

"పడల్యా. వాకిలికాడ కుర్చీ ఒరిగింది, కమ్మీ దొరికింది. పట్టుకున్యా."

"పట్టుకుంటివా," అంది. చెయ్యి వదల్లేదు. "మంచం మీదనుంచి దిగేది?"

"బాగుండాది."

"కుళాయి?"

"అందింది."

"నిదానంగా ఆలోచించి చెప్పు. ఇంట్లో ఏం తక్కువుండాది? ఏదో ఒగటి ఉంటాది గదా. ఇన్ని చేస్తిమి, ఒగటన్నా తప్పు పోయింటాది గదా!"

భుజం నొప్పి మాట నాలుక మీదే ఉంది. ఇంత అడుగుతోంది కదా, చెప్పెయ్యాలి. కానీ ఆమె అడిగింది ఇంటి గురించి. ఇంట్లో తప్పు ఉందా అని అడిగితే, ఎప్పటి నుంచో ఇనుము కోసి అతికి బతికినవాడు, తన చేతి పనిని ఎవడైనా వేలెత్తి చూపిస్తే నెలంతా నిద్రపోనివాడు, అతనిలోని ఆ పనివాడు మొగుడి కంటే ముందే నోరు తెరిచాడు. "తప్పా? నేను గీయించిన దాంట్లో తప్పెట్ల పోతాది? అన్నీ కొలత పెట్టినట్టు కుదిరినాయి. ఏం తక్కువ ల్యా," అన్నాడు. అన్నాక విన్నాడు తానేమన్నాడో.

నాజ్‌నీన్ చెయ్యి వదిలేసింది. కూర్చుందామని చుట్టూ చూసింది. కుర్చీ తిరగడానికని నేలంతా ఖాళీగా వదిలేశారు, మంచం ఒక్కరికి సరిపోయేది. నిలబడే ఉంది.

"ఈ గాలిలో, మిద్దె సుట్టూ తిరిగొచ్చి ఈ ఇంటి గోడెనకాల కూకోని ఉంటి ఇంతసేపూ," అంది చివరికి. "నువ్వు పిలుస్తావేమోనని. పిలిస్తే పలకనని చెప్పినా గానీ, పలుకుదామనే కూకోని ఉంటి. నువ్వు ఏడ్చేది ఇన్యా. నాకోసరం కాదేమో, నొప్పికేమోనని సర్ది చెప్పుకుంటి. దినామూ ఒగటడిగితి, కరెంటని, తేలని, జరమని. ఒగదానికన్నా నా వల్ల కాదు నాజూ అంటావేమోనని సూస్తి. ఒక్క అబద్ధం చెప్పకపోతివే. ఒక్కటంటే ఒక్కటి."

"నాజూ," అన్నాడు. ఇప్పుడు ఏం చెప్పినా ఆమె అడిగాక చెప్పినదే అవుతుంది.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగు తడిపి అతని మోచెయ్యి తుడిచింది, మట్టి పోయేదాకా శ్రద్ధగా తుడిచింది. మందు డబ్బా ఆమె తీయబోయి, అది అతనికి అందేచోటే ఉందని గుర్తొచ్చి ఆగి, అతన్నే తీసుకోనిచ్చింది. ఫోను మోగింది. సాయంత్రానికల్లా ఏ సంగతీ చెబుతానని ఆమె మాటిచ్చిన చౌడమ్మ ఫోనే అది. నాజ్‌నీన్ ఫోను వంక, అతని వంక చూసింది, ఒక్క రెండు క్షణాలు ఎక్కువే చూసింది. అతావుల్లా మందు మూత తిప్పుతున్నాడు, తల ఎత్తలేదు. ఆమె ర్యాంపు మీదికి నడిచి, గాలికి చెవి మూసుకుని మాట్లాడింది.

"ఆఁ చౌడమ్మక్కా, ఇనిపిస్తాండాది, చెప్పు. వస్తాండానక్కా. ఆఁ, వస్తాండా, టిక్కెట్టు తియ్యమని చెప్పు. ఆయప్పకా? ఆయప్పకేం ఇబ్బంది లేదులేక్కా. ఇల్లు శానా బాగా కుదిరింది."